కొండంటే మంచేనా?

మా సీమలో బొమ్మలేసే పిల్లవాడెవరికైనా కొండ గీయమని చెప్పి చూడండి. మూడు త్రిభుజాలు గీస్తాడు. వాటి కొసలకు రంగు వేయకుండా తెల్లగా వదిలేస్తాడు. రెండు కొండల సందులోంచి సగం సూర్యుణ్ణి లేపుతాడు. కింద ఒక ఏరు, ఏటి పక్కన ఒక పెంకుటిల్లు. పెనుకొండ బడిలో చదివే పిల్లవాడైనా గీసేది ఇంతే. వాడు బయటికొచ్చి తలెత్తితే ఊరి మీదికి ఒరిగినట్టుండే కొండ కనిపిస్తుంది. దానికి మొన లేదు, మంచు లేదు. దాని వీపు మీద కోటగోడ పాకుతూ ఉంటుంది. ఆ కొండ మాత్రం వాడి కాగితం మీదికి రాదు. బొమ్మలో ఉండాల్సిన కొండ అది కాదని వాడికి ఎవరో ముందే చెప్పేశారు.

నా పేచీ ఆ చెప్పినవాళ్ళతోనే.

కొండల చిత్రాలంటే హిమాలయాలు, ఇంకాస్త దగ్గరికి రమ్మంటే ఊటీ, అరకు అన్నది వాళ్ళ మాట. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం చుట్టూ ఉన్న గుట్టలు చూడ్డానికే బాగుండవు, గీయడానికేం పనికొస్తాయి అంటారు. "ఏముండాదప్పా ఈడ గీసేకి, బండలు తప్ప" అని మావాళ్ళే పెదవి విరుస్తారు. బాగా చదువుకున్నవాళ్ళు, మన చిత్రకళకు ప్రకృతి దృశ్యం అలవాటే లేదు, అది తెల్లవాడు తెచ్చిన సరుకు అని తేల్చేస్తారు. అభ్యుదయవాదులు ఇంకో అడుగు వేసి, కరువు నేలను అందంగా గీయడమే తప్పంటారు. ఒకరితో ఒకరికి పడని ఈ ముగ్గురూ గుట్టల విషయానికొచ్చేసరికి ఏకమైపోయారు. అందుకే కొండల చిత్రప్రదర్శన అన్న మాట ఎక్కడ వినబడినా అందులో సీమ గుట్ట ఉంటుందని మనకు తోచదు.

మొదటి మాటకు అంత బలం ఎక్కడిదో చూద్దాం. హిందూపురం వాళ్ళకు పట్నం అంటే హైదరాబాదూ కాదు, విజయవాడా కాదు. నూరు కిలోమీటర్ల దూరంలో ఉన్న బెంగళూరు. అక్కడ కుమారకృపా రోడ్డులో 1960లో మొదలైన కర్ణాటక చిత్రకళా పరిషత్తు ఉంది. అందులో రోరిక్‌ల చిత్రాలకు ప్రత్యేకంగా గదులున్నాయి. తండ్రి నికొలాయ్ రోరిక్, కొడుకు స్వెతోస్లావ్ రోరిక్. మా వైపు నుంచి పొద్దున పోయి రాత్రికి తిరిగి రాగలిగినంత దగ్గరలో పేరున్న కొండల చిత్రాలు ఉన్నాయంటే అవే. తండ్రి హిమాలయాల్లో నీలం మీద నీలం, ఊదా మీద తెలుపు. మనిషంటూ ఉంటే ఒక మూల చిన్న చుక్కంత. అవి చూసి తిరుగు రైలెక్కినవాడికి గౌరీబిదనూరు దాటాక కిటికీ బయట గుట్టలు బోడిగా కనబడ్డాయంటే వాణ్ణి తప్పుపట్టలేం. ఇక తెలుగువాళ్ళకు రోరిక్‌ను దగ్గర చేసినవాడు తుమ్మపూడి సంజీవదేవ్. కులూ లోయలోని నగ్గర్‌కు వెళ్ళి ఆ ఇంట్లో ఉండి వచ్చిన మనిషి, తానూ చిత్రకారుడు. ఆయన వ్యాసాలు చదివిన తరానికి హిమాలయం కొండ స్థాయి దాటి తపస్సు అయిపోయింది. తపస్సుతో పోటీ పడాలంటే గుట్టలవల్ల ఏమవుతుంది?

రోరిక్ గొప్పతనం మీద నాకు తగువు లేదు. ఆయన దగ్గర మనవాళ్ళు నేర్చుకున్న పాఠం మీదే తగువు. ఆయన 1874లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పుట్టాడు. హిమాలయాన్ని వెతుక్కుంటూ వచ్చిన మాట నిజమే. కానీ వచ్చి, చూసి, నాలుగు బొమ్మలు వేసుకుని పోలేదు. 1928లో నగ్గర్‌లో స్థిరపడి 1947లో అక్కడే కన్నుమూశాడు. దాదాపు ఇరవై ఏళ్ళు ఆ కొండల ఎదుటే బతికి, పొద్దుటి వెలుగులో ఒకలా, మాపటి వెలుగులో ఒకలా, మబ్బు కమ్మినప్పుడు ఒకలా వాటినే మళ్ళీ మళ్ళీ వేశాడు. మరి మనవాడు చేసేదేమిటి? ధర్మవరంలో కూర్చుని, ఫోన్‌లో దొరికిన ఫొటో చూసి కైలాసం వేస్తాడు, వేసి రోరిక్ బాటలో నడుస్తున్నాననుకుంటాడు. రోరిక్ చేసిన పనికి ఇది పూర్తిగా ఎదురు పని. కొడుకు సంగతి ఇంకా చిత్రం. స్వెతోస్లావ్ 1945లో దేవికారాణిని పెళ్ళి చేసుకున్నాడు (ఆవిడ పుట్టింది మన వాల్తేరులో). ఆ తర్వాత బెంగళూరు శివార్లలోని తాతగుణి తోటలో కాపురం పెట్టాడు. హిమాలయం వాకిట్లో కుంచె పట్టిన మనిషి దశాబ్దాలు బతకడానికి ఎంచుకున్న చోటు మన బండరాళ్ళ పీఠభూమే.

ఎత్తు లేదంటారు. ఎత్తును బట్టి బొమ్మకు విలువ కట్టేదైతే సర్వే శాఖవాళ్ళే మహా చిత్రకారులు కావాలి. ఫ్రాన్సు దక్షిణాన ఎక్స్ అనే ఊరి పక్కన సెయింట్ విక్టోయిర్ అనే కొండ ఉంది. వెయ్యి మీటర్ల చిల్లర ఎత్తు. బోడిది, తెల్లటి సున్నపురాయి. పాల్ సెజాన్ ఆ ఊళ్ళో పుట్టి 1906లో ఆ ఊళ్ళోనే పోయాడు. ఆ ఒక్క కొండను నూనెరంగుల్లోనే ముప్పైకి పైగా సార్లు వేశాడు, నీటిరంగుల బొమ్మలు వేరే. ఇరవయ్యో శతాబ్దపు చిత్రకళ మలుపు తిరిగిన చోట్లలో ఆ బోడికొండ ఒకటి. పికాసో 1958లో ఆ కొండ పాదాన ఒక పాత కోట కొనుక్కున్నాడు. ఆయన సమాధి కూడా అక్కడే. సెజాన్‌కు మంచుకొండలు దొరక్క కాదు, రైలెక్కితే ఆల్ప్స్ ఎంతో దూరం లేవు.

మన గుట్టల సంగతికి వస్తాను. ఇవి ఎత్తు పోగొట్టుకున్న కొండలు. ఈ రాయి పుట్టి సుమారు 250 కోట్ల ఏళ్ళయింది. భారత భూఖండం ఉత్తరాన ఆసియాను గుద్దుకుని హిమాలయం లేవడం మొదలైంది సుమారు 5 కోట్ల ఏళ్ళ కిందట. వరస కలిపితే హిమాలయం మన గుట్టలకు మునిమనవడు కూడా కాడు. లోతున గట్టిపడిన గ్రానైట్ పైనున్న బరువు కొట్టుకుపోయేకొద్దీ పొరలు పొరలుగా విచ్చుకుంటుంది, అడ్డంగా నిలువుగా నెర్రెలిస్తుంది. ఆ నెర్రెల్లో నీళ్ళు దిగుతాయి. రాయి గరుసు కావడం మట్టి కిందే మొదలవుతుంది. చదునైన ముఖానికి నీటి దెబ్బ ఒక వైపే, అంచుకు రెండు వైపులా, మూలకు మూడు వైపులా తగులుతుంది. అందుకని మూలలు ముందు అరుగుతాయి. తర్వాత ఎప్పుడో వానలకు మట్టి కొట్టుకుపోతే లోపలి గుండ్లు బయటపడతాయి, ఒకదాని మీద ఒకటి, తోస్తే పడేట్టు, ఎన్నేళ్ళయినా పడకుండా. హిందూపురం నుంచి లేపాక్షి పోయే దారిలో కనబడే గుండ్లకు ఆ గుండ్రం వచ్చిన పద్ధతి అది. బొమ్మలేసేవాడు ఇది తెలుసుకుని గీస్తే గుండు బరువుగా వస్తుంది. తెలియకుండా గీస్తే బంగాళాదుంపల రాశి అవుతుంది. నేను చూసిన కొద్దిపాటి సీమ దృశ్యాల్లో ఎక్కువ దుంపలే.

ఈ రాళ్ళను చూసి మోజుపడ్డవాళ్ళు లేరా అంటే, మనకంటే ముందు సినిమావాళ్ళు పడ్డారు. 1975లో వచ్చిన 'షోలే'లో గబ్బర్ సింగ్ తిరిగిన బండలు రామనగరంవి. డేవిడ్ లీన్ 'ఎ ప్యాసేజ్ టు ఇండియా' కోసం గుహల కొండలు వెతికి వెతికి ఆ చుట్టుపక్కలకే వచ్చాడు. ఆ చిత్రం 1984లో విడుదలైంది. హంపీలో గుడులతో పాటు గుండ్లను కూడా జనం ఫొటోలు తీసుకుంటారు. రామనగరంలో, హంపీలో ఉన్న జాతి బండలే పెనుకొండలోనూ ఉన్నాయి. తుంగభద్ర ఒడ్డున అందమైనది చిత్రావతి ఒడ్డుకొచ్చేసరికి వికారమైపోవడానికి కారణం రాయిలో లేదు.

రంగు లేదనేవాళ్ళకు జవాబు ధర్మవరంలోనే ఉంది. పడుగు ఒక రంగు, పేక ఇంకో రంగు వేసి, వెలుగు మారేకొద్దీ చీర ఛాయ మారేట్టు నేసే ఊరు అది. పొద్దుగూకే వేళ పెనుకొండ బండ దగ్గర నిలబడి చూడండి. బూడిదరంగు అనుకున్న రాయిలో లేత గులాబీ పలుకులు మెరుస్తుంటాయి. వాననీళ్ళు ఏళ్ళ తరబడి ఒకే దారిన జారిన చోట పైనుంచి కిందికి నల్లటి చారలు. నీడపట్టున రాతిపువ్వు లాంటి పసుపు, బూడిద మచ్చలు. బండ సందుల్లో సీతాఫలం పొదలు వేసవిలో ఆకు రాల్చి ఎండుపుల్లలై, రెండు వానలు పడగానే పచ్చబడతాయి. నీలం ఒక్కటే తక్కువ. నీలం లేనిదే కొండ కాదనుకునే కంటికి ఇక్కడ రంగు కనబడదు. రెండు రంగుల పట్టును మగ్గం మీద చూసి ఇది ఏ ఛాయో ఇట్టే చెప్పగలిగిన కన్ను, ఊరి బయట గుట్ట దగ్గరికొచ్చేసరికి ఎందుకు మొరాయిస్తుందో నాకు అర్థం కాదు.

ఇప్పుడు పండితుల మాట. మన సంప్రదాయంలో దేవుళ్ళూ మనుషులే ఉన్నారు, కొండను కొండగా గీసినవాడు లేడు అంటారు. చట్రంలో బిగించి గోడకు తగిలించే దృశ్యం మనది కాదన్న మాట వరకు ఒప్పుకుంటాను. అయితే ఏమిటట? నవల మనదా? గురజాడ 1910లో 'దిద్దుబాటు' రాసినప్పుడు కథానిక మన సరుకు కాదని ఎవరైనా ఆపారా? అదీగాక వీళ్ళు లేపాక్షికి పోయి పైకప్పు చూసి వచ్చేస్తారు, కాళ్ళ కింద చూడరు. పెనుకొండలో కోశాధికారిగా ఉన్న విరూపణ్ణ, ఆయన తమ్ముడు వీరణ్ణ 16వ శతాబ్దంలో అచ్యుతదేవరాయల ఏలుబడిలో కట్టించిన గుడి అది. కూర్మశైలం అని పేరున్న బండ మీద కట్టారు. ఆ బండ ఈనాటికీ ఆవరణలో అక్కడక్కడా తేలి కనిపిస్తుంది. దాని మీదే పళ్ళేల ఆకారాలు తొలిచి ఉన్నాయి. దాని మీదే సీతమ్మ పాదమని చూపించే గుంత ఉంది. గుడి వెనక నిలబడి ఉన్న గుండునే ఏడు పడగల నాగలింగంగా మలిచారు. ఊరి మొదట్లో ఉన్న నంది దాదాపు ఎనిమిది మీటర్ల పొడవు, నాలుగున్నర మీటర్ల ఎత్తు, ఒకే రాయి. ఆ పనివాళ్ళు గుండును చూసినప్పుడు వాళ్ళ కంటికి అందులో ఎద్దు వీపు కనబడింది, పాము చుట్ట కనబడింది. కొండతో ఇంత దగ్గరి సంబంధం పెట్టుకున్న కళను పట్టుకుని, ఇందులో కొండ లేదంటే నమ్మమంటారా?

పైకప్పు కూడా ఒకసారి సరిగ్గా చూడాలి. అక్కడ కిరాతార్జునీయం ఉంది. అర్జునుడి తపస్సు, వేటగాడిగా వచ్చిన శివుడు, బాణం తగిలిన పంది. కథ జరిగింది హిమాలయాల్లో. ఆ బొమ్మల్లో మంచు వెతకండి, దొరకదు. ఎరుపు, కావి, పసుపు, తెలుపు, ఆకుపచ్చ, నల్లటి గీత. నీలం కనబడటమే అరుదు. ఇంద్రకీలాద్రిని కూడా తమ నేల రంగుల్లోనే వేసుకున్న చిత్రకారుల వారసులం మనం. పెనుకొండను వేయమంటే పెట్టెలో నీలం ఎంత ఉందో చూసుకుంటున్నాం.

మూడో మాటను మాత్రం తేలిగ్గా తీసిపారేయలేను. అది అనుభవంలోంచి వచ్చిన మాట. పెన్నానది పక్కనే ఉన్నా నీళ్ళకు కటకటలాడిన నేల ఇది. విద్వాన్ విశ్వం 'పెన్నేటి పాట' రాసింది ఆ బాధతోనే. కరువు నిజం, వలస నిజం, బెంగళూరు కూలీకి పోయేవాళ్ళతో రైళ్ళు కిక్కిరిసేది నిజం. ఇటువంటి చోట గుట్ట మీద సాయంకాలపు వెలుగు అంటూ కుంచె పట్టుకుంటే, ఆకలి మీద రంగు పూసినట్టు కాదా అని అడుగుతారు. న్యాయమైన అనుమానమే.

కానీ ఆ వైపు నుంచి వచ్చిన బొమ్మ ఏమిటో కూడా చూడాలి కదా. నెర్రెలిచ్చిన మట్టి, దాని మీద నెత్తిన చెయ్యి పెట్టుకుని ఒక ముసలి రైతు. ముప్పై, నలభై ఏళ్ళుగా సీమ అంటే పత్రికలు వేసే ఫొటో అదే. ఆ మట్టి ఏ చెరువుదో, ఏ ఊరిదో ఎవరూ చెప్పలేరు. మహారాష్ట్రలో తీసి అనంతపురం అని కింద రాసినా చెల్లిపోతుంది. అదే వెనకాల ఒక గుట్ట వాలు ఉంటే, పెనుకొండ వాళ్ళు ఇది మా కొండ అని, మడకశిర వాళ్ళు ఇది మాది అని గుర్తుపడతారు. కరువు ఫలానా ఊరి కరువు అవుతుంది. ఊరూ పేరూ లేని కరువుతో ఏ ప్రభుత్వానికీ ఇబ్బంది లేదు.

ఇంకో సంగతి. కొండ అందం, నీటి బాధ వేరువేరు గదుల్లో లేవు. చిత్రావతి నీళ్ళతో నిండే బుక్కపట్నం, ధర్మవరం చెరువులు పాత రాజులు అందం కోసం తవ్వించినవి కావు. బండ మీద పడ్డ వాన ఇంకదు, జారుతుంది. జారిన నీరు వంకలో పడి చెరువుకు చేరేట్టు కట్ట వేశారు. ఏ గుట్ట నీళ్ళు ఏ వంకకు వస్తాయో, ఏ వంక ఏ చెరువుకో తెలియాలంటే గుట్టను కళ్ళు పెట్టి చూసి ఉండాలి. బొమ్మలేసేవాడు చేసేది కూడా ఆ చూడటమే. ఆ బండ మీద శ్రమ లేదా అంటే, ఉంది, దగ్గరికి పోతే కనబడుతుంది. రాయి చీల్చడానికి వరసగా తొలిచిన చిన్న గుంతలు ఈ చుట్టుపక్కల ఎన్నో గుండ్ల మీద నేటికీ ఉన్నాయి. వడ్డెర్లు పరుపుబండ మీద కట్టెలు పేర్చి మంట పెట్టి, వేడికి పైపొర లేచినప్పుడు ఆ పలకను సుత్తితో విడగొట్టేవాళ్ళు. బండ ఏ దిక్కున చీలుతుందో చేత్తో తట్టి చెప్పగలిగినవాళ్ళు వాళ్ళు. ఆ గుంతల వరసతో సహా గుండును గీస్తే అది ఆకలిని కప్పే బొమ్మ ఎట్లా అవుతుంది?

అసలు కప్పిపెట్టే పని చేస్తున్నది 'బోడిగుట్ట' అన్న ఆలోచనే. చూడ్డానికి పనికిరాని గుట్ట దస్తావేజుల్లో పనికిరాని నేల అవుతుంది. పనికిరాని నేల లీజుకు పోతుంది. లీజుకు పోయిన గుట్ట కంకర అవుతుంది. రోడ్లు వద్దనీ, ఇళ్ళు వద్దనీ నేననడం లేదు. నలభై నాలుగో నంబరు జాతీయ రహదారి కావాలి, ఎర్రమంచిలో 2019లో కార్లు తయారుచేయడం మొదలుపెట్టిన కియా ఫ్యాక్టరీలో మన పిల్లలకు పనులూ కావాలి. కానీ ఒక గుట్టను ఉంచాలా తీయాలా అని ఊళ్ళో వాదన వచ్చినప్పుడు, అది ఉన్నప్పుడు ఎట్లా ఉండేదో చూపించడానికి ఒక్క బొమ్మ కూడా లేకపోతే వాదన మొదలుకాకముందే ముగిసిపోతుంది.

ఈ జాతి కొండల ముందు కూర్చుని ఓపిగ్గా గీసినవాళ్ళు లేకపోలేదు. మూడో మైసూరు యుద్ధంలో కారన్‌వాలిస్ సేన వెంట రాబర్ట్ హోమ్ అనే చిత్రకారుడు వచ్చాడు. కోల్‌బ్రూక్ అనే సర్వేయరు, అలెగ్జాండర్ అలెన్ అనే సైనికాధికారి కూడా గీశారు. టిప్పు కొండకోటలను వేసిన వీళ్ళ పుస్తకాలు 1793, 1794లలో అచ్చయ్యాయి. మా పెన్నా పుట్టిన నంది కొండలోని దుర్గం 1791 అక్టోబరులో కుంఫిణీ చేతికి చిక్కింది. మరో తొమ్మిదేళ్ళకు, 1800లో, మా జిల్లాలు దత్తమండలాల పేరుతో వాళ్ళ పాలయ్యాయి. ఈ కొండల్లో బొమ్మ ఉందని పట్టుకోవడానికి వచ్చినవాడికి తెలిసింది. వాటి నీడన పుట్టినవాడికి ఇంకా తెలియలేదు.

కాబట్టి నేను అడిగేది చాలా చిన్నది. ఈ మూడు ఊళ్ళలోనూ ఈ గుట్టల చిత్రప్రదర్శన ఒకటి పెట్టాలి. గ్యాలరీ లేదనకండి. హిందూపురంలో కల్యాణ మంటపాలు ఆషాఢమంతా ఖాళీ. ధర్మవరంలో పట్టుచీరల అంగళ్ళకు పొడవాటి గోడలున్నాయి. పెనుకొండలో గగన్‌మహల్ చూడ్డానికి వచ్చేవాళ్ళు ఎటూ వస్తున్నారు. కాన్వాసే కావాలని కూడా లేదు. ధర్మవరం పక్కన నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసేవాళ్ళున్నారు. వాళ్ళలో దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. మేకతోలును గీకి గీకి పలచన చేసి, వెనక దీపం పెడితే రంగు వెలిగేట్టు చేయడం వాళ్ళ విద్య. పొద్దు వాలేటప్పటి బండ రంగును పట్టడానికి అంతకంటే మంచి సాధనం నాకు తోచదు. అడిగి చూడండి. రామాయణం బొమ్మలతో పాటు ఒక గుట్ట చేసిమ్మని ఎవరైనా అడిగారో లేదో.

ఎవరు కొంటారు అన్న ప్రశ్న ఒకటి మిగిలింది. మా వైపు కొత్తిల్లు కట్టిన ప్రతివాడూ ఈ మధ్య హాల్లో సోఫా వెనక గోడంతా వాల్‌పేపర్ అంటిస్తున్నాడు. మంచుకొండ, దాని కింద సరస్సు, సరస్సు పక్కన చెక్కిల్లు. అది ఏ దేశమో అతికించినవాడికీ తెలియదు, అంటించుకున్నవాడికీ తెలియదు. అంటే గోడ ఉంది, డబ్బుంది, కొండ పెట్టుకోవాలన్న కోరికా ఉంది. గీసిన గుట్టే లేదు. రెండు వానాకాలాలకు ఆ పేపరు చెమ్మకు ఉబ్బి ఊడొస్తుంది, మళ్ళీ ఏదో ఒకటి కొనాల్సిందే. అప్పటికైనా అంగట్లో పెనుకొండ కూడా దొరికేట్టు చూడండి.